పదకొండో నంబరు హెచ్చరిక

సాయంత్రం ఏడుంబావు అయింది. బ్యాగు సర్దుకుని ఆఫీసు నుంచి బయల్దేరబోతున్నాను. మా రుషికొండ కిటికీలోంచి చూస్తే సముద్రం అప్పటికే చీకట్లో కలిసిపోయింది. దూరంగా పోర్టు పిలుపు కోసం ఆగి ఉన్న ఓడల దీపాలు మాత్రం వరసగా మిణుకుమంటున్నాయి. ఫోన్ మోగింది. మా సాఫ్ట్‌వేర్ వాడే ట్రాన్స్‌పోర్టు ఏజెంటు యార్డులో సూపర్‌వైజరు.

"ఏటి మేడమ్ మీ మెసేజ్‌లు? బళ్ళన్నీ ఎనక్కి తిరిగిపోతన్నాయి!"

"ఏం మెసేజ్‌లండీ?" అన్నాను.

"రాత్రి స్లాట్ కేన్సిల్ అంట కదా. ఎవులు కేన్సిల్ సేసినారు? నేను సేయలేదు, మా ఓనరు సేయలేదు."

నేను కూడా చేయలేదు. కనీసం అప్పటికి అలాగే అనుకున్నాను.

మా పని గురించి రెండు ముక్కలు చెప్పాలి. మాది చిన్న కంపెనీ. ఆ ఏజెంటుకి ట్రైలర్లు ఉన్నాయి. ఏ బండి ఎన్నింటికి యార్డులోంచి కదిలి కంటైనర్ తీసుకుని పోర్టు వైపు వెళ్ళాలో మా ప్రోగ్రామ్ లెక్క వేసి, డ్రైవర్ ఫోన్‌కి మెసేజ్ పంపుతుంది. అంతకుముందు ఈ పని ఒక గుమస్తా, ఒక నోటుబుక్కు, రెండు ఫోన్లు కలిసి చేసేవి. మేం వచ్చాక గుమస్తా ప్రశాంతంగా టీ తాగగలుగుతున్నాడని ఓనరు అందరికీ చెప్పుకునేవాడు. ఆ సాయంత్రం గుమస్తా టీ చల్లారిపోయింది. 41 మంది డ్రైవర్లకి "మీ రాత్రి స్లాట్ రద్దయింది, కొత్త సమయం తర్వాత తెలుపబడును" అని వెళ్ళింది.

పంపింది మా టీమ్‌లో చేరి మూడు వారాలైన కుర్రాడు. పంపుతున్నానని అతనికి తెలీదు. పరీక్ష కోసమని ఒక చిన్న కమాండ్ కొట్టాడు, అంతే.

ఆ కమాండ్ ఏమిటో, అందులో ఏం జరిగిందో చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు. కంప్యూటర్ పని తెలిసినవాళ్ళు ఓ నాలుగు పేరాలు ఓపిక పట్టండి. తెలియనివాళ్ళు భయపడకండి, ఇందులో మన విశాఖవాళ్ళకి తెలియనిది ఏమీ లేదు.

ప్రోగ్రామర్లం రోజూ చేసే పనులు కొన్ని ఉంటాయి. ప్రోగ్రామ్‌ని కట్టడం, పరీక్షించడం, సర్వర్‌కి ఎక్కించడం. ఒక్కో పనికి మూరెడు పొడుగు కమాండ్లు. అన్నీ గుర్తు పెట్టుకోలేక ఒక ఫైల్లో రాసుకుని, ఒక్కోదానికి పొట్టి పేరు పెట్టుకుంటాం. పేరు కొడితే పని జరుగుతుంది. ఇలాంటి పనిముట్టుని కమాండ్ రన్నర్ అంటారు. ఈ వరసలో ముత్తాత 'మేక్'. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ రాశాడు. ఇప్పటికీ నడుస్తోంది. మేం వాడేది దాని మనవడి లాంటిది, పేరు 'జస్ట్'. కేసీ రోడార్మర్ అనే అతను రాసి ఉచితంగా ఇచ్చాడు. పనులన్నీ 'జస్ట్‌ఫైల్' అనే దాంట్లో ఉంటాయి. మంచి పనిముట్టు, ఈ కథ అంతా అయ్యాక కూడా అదే మాట అంటాను.

ఇక రెండోది, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్. పేరు పెద్దది గానీ సంగతి చిన్నది. అక్టోబరు, నవంబరు వచ్చిందంటే మన పేపర్లలో ఏం చదువుతాం? "విశాఖ పోర్టులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగురవేశారు." ఆ నంబరు ఎవరి పేరు మీదా రాయలేదు. ఏ పడవనీ పట్టుకుని నువ్వు వెళ్ళకు అని చెప్పలేదు. పోర్టులో ఒక చోట పెట్టారు, చూసుకున్నవాళ్ళు దాన్ని బట్టి నడుచుకుంటారు. పడవ మారలేదు, వల మారలేదు, సరంగు మారలేదు. నంబరు మారింది కాబట్టి ప్రవర్తన మారింది. కంప్యూటర్లో కూడా అంతే. ప్రోగ్రామ్ బయట కొన్ని విలువలు పెట్టి ఉంచుతాం. ఏ డేటాబేస్ చూడాలి, మెసేజ్‌లు పంపడానికి ఏ తాళంచెవి వాడాలి, ఇది నిజమా పరీక్షా? ప్రోగ్రామ్ నడిచేటప్పుడు అవి చూసుకుని నడుచుకుంటుంది. 1979లో వచ్చిన ఏడో యునిక్స్ నాటి నుంచి ఉన్న పద్ధతే ఇది.

పాస్‌వర్డులు ప్రోగ్రామ్ లోపల రాయకూడదు, బయట పెట్టాలి అన్న మాటని 2011 ప్రాంతంలో హెరోకు కంపెనీవాళ్ళు 'ట్వెల్వ్ ఫ్యాక్టర్' అని పన్నెండు సూత్రాల్లో ఒకటిగా రాశారు. మా తరం ప్రోగ్రామర్లు దాన్ని దాదాపు శతకంలా వల్లె వేశారు. మంచిదే. కానీ విలువలు పాతికుంటే రోజూ చేత్తో కొట్టలేం కదా. అందుకని ఒక చిన్న ఫైల్లో రాసుకుంటాం. దాని పేరు చుక్కతో మొదలవుతుంది, డాట్ ఎన్వ్. కమాండ్ రన్నర్‌కి "పని మొదలుపెట్టే ముందు ఆ ఫైలు చదువుకో" అని ఒక లైను రాస్తే చాలు. పాస్‌వర్డులు ఉంటాయి కాబట్టి ఆ ఫైల్ని మిగతా ప్రోగ్రామ్‌తో పాటు అందరికీ పంచం. ఎవరిది వాళ్ళు తయారు చేసుకోవాలి.

ఇప్పుడు కుర్రాడి సంగతి. మా ఆఫీసులో అందరం పనిచేసే పెద్ద కంప్యూటర్ ఒకటి ఉంది. అందులో ప్రాజెక్టులన్నిటికీ కలిపి ఒక పెద్ద ఫోల్డర్, దాని లోపల ఒక్కో ప్రాజెక్టుకి ఒక్కో ఫోల్డర్. కుర్రాడు ప్రాజెక్టు కాపీ ఒకటి కొత్తగా తెచ్చుకున్నాడు. పంచని ఫైలు కాబట్టి ఆ కాపీలో డాట్ ఎన్వ్ లేదు. అది తయారు చేసుకోవాలని అతనికి ఎవరూ చెప్పలేదు. మెసేజ్ పరీక్ష కమాండ్ కొట్టాడు. పరీక్ష డేటాబేస్‌లో ఉండేవి మా ఆఫీసువాళ్ళ మూడు నంబర్లే. ఆ మూడు ఫోన్లూ మోగాలి, పని అయిపోవాలి. ఫైలు లేకపోతే కమాండ్ ఎర్రక్షరాలతో ఆగిపోతుందని మనం అనుకుంటాం.

జస్ట్ అలా ఆగదు. తన ఫోల్డర్‌లో డాట్ ఎన్వ్ దొరక్కపోతే పై ఫోల్డర్‌లో చూస్తుంది. అక్కడా లేకపోతే ఇంకా పైకి వెళ్తుంది. ఎక్కడా లేకపోయినా తప్పుగా లెక్కేయదు, ఉన్నదాంతో పని కానిచ్చేస్తుంది. ఇది దాచిపెట్టిన రహస్యమేమీ కాదు, దాని పుస్తకంలో స్పష్టంగా రాసి ఉంది. నేను కూడా ఒకప్పుడు చదివాను. చదివి, బాగుందే అనుకున్నాను కూడా.

ఆ రోజు పై ఫోల్డర్‌లో ఒక డాట్ ఎన్వ్ ఉంది. అందులో అసలు డేటాబేస్ చిరునామా, అసలు తాళంచెవి ఉన్నాయి. మన పోర్టులో హెచ్చరిక కనపడకపోతే కాకినాడ పోర్టులో ఏ నంబరుందో చూసి వేటకి వెళ్ళినట్టు, కమాండ్ పైకి వెళ్ళి ఆ ఫైలు చదువుకుని, అది చెప్పినట్టే 41 మందికి పంపేసింది.

ముందు మెసేజ్‌లు ఆపాం. తర్వాత "పొరపాటున వెళ్ళింది, మీ స్లాట్ యథాతథం" అని మళ్ళీ పంపాం. కొందరు చూశారు, కొందరు అప్పటికే ఫోన్ జేబులో వేసి బండి తిప్పేశారు. మేనేజరు కుర్రాణ్ణి పిలిచి ఎలా జరిగిందని అడుగుతుంటే నేను పక్కనే ఉన్నాను. "నేను టెస్టే కొట్టాను సార్, టెస్టే" అంటున్నాడు. గొంతు వణుకుతోంది. అతనిది బొబ్బిలి దగ్గర పల్లెటూరు. ఇంట్లో మొదటి ఉద్యోగం. మేనేజరు ఏం మాట్లాడకుండా "రేపు పొద్దున్న చూద్దాం" అన్నాడు. ఆ మాటకి మా ఆఫీసులో అర్థం అందరికీ తెలుసు.

అందరూ వెళ్ళాక తొమ్మిదింటికి కూర్చుని ఆ పై ఫోల్డర్ తెరిచాను. మామూలుగా చూస్తే అందులో ఆ ఫైలు కనిపించదు. చుక్కతో మొదలయ్యే పేర్లని యునిక్స్ మామూలు జాబితాలో చూపించదు, ప్రత్యేకంగా అడగాలి. అడిగాను. ఫైలు కనిపించింది. పక్కన తేదీ, ఎనిమిది నెలల కిందటిది. ఇంకో పక్కన ఎవరు పెట్టారో వాళ్ళ పేరు.

నా పేరే.

చూడగానే గుర్తొచ్చింది. ఎనిమిది నెలల కిందట ఒక రాత్రి మెసేజ్‌ల తాళంచెవి మారింది. మూడు ప్రాజెక్టుల్లో మార్చాలి. టైము పదకొండున్నర. మూడు చోట్ల ఎవడు మారుస్తాడు, పై ఫోల్డర్‌లో ఒక్క ఫైలు పెడితే మూడూ అక్కడినుంచే చదువుకుంటాయి కదా అని తెలివిగా అనిపించింది. పెట్టాను, పనిచేసింది, ఇంటికెళ్ళి పడుకున్నాను. తెల్లారాక ఎవరి ఫైలు వాళ్ళకి పెట్టేశాను గానీ పైది తీయడం మర్చిపోయాను. ఎనిమిది నెలలు అది అక్కడ చప్పుడు చేయకుండా కూర్చుంది. మిగతా ప్రాజెక్టులన్నిటికీ సొంత ఫైళ్ళు ఉన్నాయి కాబట్టి దాని అవసరం ఎవరికీ పడలేదు. సొంత ఫైలు లేని మొదటి మనిషి వచ్చేదాకా.

ఇక్కడ నిజం చెప్పాలి. ఆ రాత్రి నేను మేనేజరుకి ఫోన్ చేయలేదు. చేతిలో ఫోన్ ఉంది, నంబరు ఉంది. రేపు చెప్పొచ్చులే అనుకున్నాను. ఆ అనుకోవడం వెనక ఇంకో ఆలోచన కూడా ఉంది. ఆ ఫైలు తీసేస్తే? ఎవరు చూస్తారు? తీసేయాలనే ఆలోచన వచ్చిందని ఒప్పుకోడానికే ఇది రాస్తున్నానేమో. తీయలేదు. కానీ చెప్పకుండానే ఇంటికి వెళ్ళాను.

ఇల్లంటే ఆ రాత్రి మధురవాడలో మా ఫ్లాట్ కాదు. మర్నాడు అమ్మని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాల్సి ఉండి కూర్మన్నపాలెం వెళ్ళాను. నాన్న స్టీల్‌ప్లాంటులో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్‌లో పనిచేసి రిటైరయ్యారు. 1989లో చేరారు. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావుగారు వచ్చి ప్లాంటుని జాతికి అంకితం చేసినప్పుడు జనంలో ఎక్కడో నిలబడి చూశానని ఇప్పటికీ చెబుతారు. నాన్నకి కంప్యూటర్ తెలీదు. కానీ నేను అన్నం కలుపుతూ తినకపోవడం తెలుస్తుంది.

"ఏమైందమ్మా?"

చెప్పాను. ఫైలు, ఫోల్డరు అన్న మాటలు వదిలేసి, పాత కాగితం ఒకటి ఎక్కడో వదిలేశాను, కొత్త కుర్రాడు అది అసలుదనుకుని పని చేశాడు అని చెప్పాను. ఆయన మజ్జిగ పోసుకుంటూ విన్నారు.

"కాగితం మీద ఎక్కడిదో రాసి ఉందా?" అన్నారు.

"ఎక్కడిదంటే?"

"ఏ చోటుకి సంబంధించిందో. మేం చేరిన కొత్తలో ఫర్నేస్ ఒక్కటే వచ్చింది, 1990లో, గోదావరి. అప్పుడు ఎవరైనా 'ఫర్నేస్ దగ్గర' అంటే సరిపోయేది. రెండేళ్ళకి కృష్ణ వచ్చింది. ఆ తర్వాత ఉత్త ఫర్నేస్ అంటే తిట్టేవాళ్ళం. ఏ ఫర్నేస్‌రా, పేరు చెప్పు అని. మళ్ళీ నేను ఉండగానే అన్నపూర్ణ వచ్చింది. పేరు లేకుండా లాగ్‌బుక్కులో ఒక్క ముక్క రాయనిచ్చేవాణ్ణి కాదు."

నాన్న పాత డైరీలు అటక మీద ఇప్పటికీ ఉన్నాయి. ప్రతి పేజీ పైన మూడు ముక్కలు, ఏ చోటు, ఏ షిఫ్టు, ఏ తేదీ. చిన్నప్పుడు అది చాదస్తం అనుకునేదాన్ని. కూరల చీటీ మీద కూడా తేదీ వేసే మనిషి.

"మోటారు మీద చెయ్యి పెట్టే ముందు లైను ఆపించి, ఫ్యూజు పీకి జేబులో వేసుకునేవాణ్ణి. నా ట్యాగు నేనే కట్టాలి, నేనే తీయాలి. పని అయిపోయింది కదా అని ట్యాగు అక్కడే వదిలి వచ్చావనుకో, తర్వాత షిఫ్టువాడు దాన్ని చూసి లోపల ఎవడో ఉన్నాడనుకుంటాడు." కాసేపాగి అడిగారు. "ఆ కుర్రాడు ఎక్కడున్నాడిప్పుడు?"

"రూములో ఉండుంటాడు."

"పడుకుని ఉంటాడంటావా?"

నేను జవాబు చెప్పలేదు. ఆయన కూడా ఇంకేం అడగలేదు. కంచం తీసి లోపలికి వెళ్ళిపోయారు.

పదింపావుకి ముందు కుర్రాడికి ఫోన్ చేశాను. తర్వాత మేనేజరుకి. రెండు ఫోన్లలో ఏది కష్టమైందంటే మొదటిదే. "పర్లేదు మేడమ్" అన్నాడతను. పర్లేదనడానికి అతనికి అంత తొందరెందుకో నాకు అర్థమై, ఇంకా సిగ్గేసింది. గంటకి పైగా తెలిసి ఊరుకున్నానన్నది అతనికి చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది.

మేనేజరు అరిచాడు. అరవాల్సిందే. ఆ నెల ఏజెంటుకి బిల్లులో తగ్గించాం. కుర్రాడి ఉద్యోగం ఉంది. నాదీ ఉంది, ఇంక్రిమెంటు మాత్రం ఆ ఏడాది రాలేదు.

ఇదంతా ఆఫీసు లెక్క. డ్రైవర్ల లెక్క వేరే ఉంది.

మూడో రోజు యార్డుకి వెళ్ళాను. వెళ్ళమని ఎవరూ అనలేదు, సూపర్‌వైజరు అయితే "ఎందుకు మేడమ్, అయిపోనాది కదా" అన్నాడు. షీలానగర్ నుంచి కాన్వెంట్ జంక్షన్ వైపు పోర్టు రోడ్డులో వెళ్ళినవాళ్ళకి తెలుసు, పక్కన ట్రైలర్లు ఎలా వరసకట్టి ఉంటాయో. దుమ్ము, డీజిలు వాసన, టైరు నీడలో బొంత పరుచుకుని పడుకున్న మనుషులు. మా ప్రోగ్రామ్‌లో వాళ్ళు ఒక పట్టికలో వరసలు. నాలుగేళ్ళుగా ఆ పట్టిక చూస్తున్నాను గానీ ఒక్క వరసనీ ఎదురుగా చూడలేదు.

ఆ రాత్రి బండి తిప్పేసినవాళ్ళలో ఒకాయన దొరికాడు. యాభై దాటి ఉంటాయి. టీ చెప్పాను, వద్దనలేదు.

"మెసేజ్‌లో కేన్సిల్ అనుంది గదా మేడమ్, మరేటి సేస్తాం. లంకెలపాలెం కాడ బండి పక్కకెట్టీసి పడుకున్నాను. ఫోను సైలెంటు. తెల్లారి సూస్తే ఇంకో మెసేజ్. కేన్సిల్ లేదు, రమ్మని. అప్పుడు రమ్మంటే ఏటొస్తాను?"

"మీకు డబ్బులు పోయాయా?"

"ట్రిప్పు పోతే బత్తా పోద్ది గదా." అదేదో వానొస్తే తడుస్తాం అన్నట్టు చెప్పాడు. బత్తా ఏజెంటు తర్వాత ఇప్పించాడని సూపర్‌వైజరు పక్కనుంచి అన్నాడు. ఆయన అవునని తలూపాడు గానీ, ఎంత ఇప్పించారో ఇద్దరూ చెప్పలేదు.

క్షమాపణ చెప్పుకున్నాను. పరీక్ష కోసం పంపిందని, పొరపాటున నిజం నంబర్లకి వచ్చిందని వివరించాను. ఆయన గ్లాసు కింద పెట్టి అన్నాడు. "మరి ఉత్తుత్తి మెసేజ్ అయితే ఉత్తుత్తిదని మీదే రాసీవొచ్చు గదా మేడమ్. ఎవులికి ఎల్లినా పోనీ అనుకుందుం."

ఈ మాట మా టీమ్‌లో నలుగురు ఇంజనీర్లకి నాలుగేళ్ళలో తట్టలేదు.

ఆఫీసుకి వచ్చి ఫైళ్ళన్నీ మార్చాం. ఇందులో గొప్పేమీ లేదు, అయినా ఇదే పనిలో ఉన్న పాఠకులు ఉంటారు కాబట్టి చెబుతాను. జస్ట్‌ఫైల్లో డాట్ ఎన్వ్ ఎక్కడుందో దారి కచ్చితంగా రాసేశాం, పై ఫోల్డర్లు వెతుక్కుంటూ వెళ్ళే పని లేకుండా. ఫైలు తప్పనిసరి అని ఇంకో లైను. అంటే ఇప్పుడు ఫైలు లేకపోతే కమాండ్ కదలదు. ఈ రెండూ ఆ పనిముట్టులో ముందునుంచీ ఉన్నవే, మేం వాడుకోలేదు. నిజానికి ఒకప్పుడు అది మనం అడగకపోయినా డాట్ ఎన్వ్ చదివేసేది. 2022లో 1.0 వెర్షన్ వచ్చినప్పుడు, అడిగితేనే చదువుతానని మార్చారు. తయారు చేసినవాళ్ళు జాగ్రత్త పడ్డారు, మేం "చదువుకో" అని ఒక లైను రాసి ఊరుకున్నాం.

పాస్‌వర్డులు లేకుండా పేర్లు మాత్రమే ఉన్న నమూనా ఫైలు ఒకటి ప్రాజెక్టుతో పాటే పంచడం మొదలుపెట్టాం. కొత్తగా వచ్చినవాళ్ళు అది చూసి ఏమేం నింపాలో తెలుసుకుంటారు. ఆ నమూనా రాసింది బొబ్బిలి కుర్రాడే. నాన్న డైరీ గుర్తొచ్చి ప్రతి ఫైల్లో మొదటి లైను చోటు పేరు పెట్టించాను. మెసేజ్ పంపే ప్రతి కమాండూ ముందు ఆ పేరు తెర మీద చూపించి, పరీక్ష కమాండ్‌కి ఆ పేరు 'పరీక్ష' కాకపోతే ఆగిపోతుంది.

అది కూడా మొదటి రోజే మమ్మల్ని ఆడించింది. ఫైల్లో పేరు 'పరీక్ష' అని మార్చినా తెర మీద పాత పేరే వస్తోంది. ఒక మధ్యాహ్నం అంతా తల పట్టుకున్నాం. చివరికి తేలిందేమిటంటే, అదే పేరుతో విలువ ఒకటి కుర్రాడి తెరలో పొద్దున్నే చేత్తో పెట్టి ఉంది. బయట ముందే ఉన్న విలువకీ ఫైల్లో ఉన్న విలువకీ తేడా వస్తే, జస్ట్ బయటదానికే మర్యాద ఇస్తుంది. ఫైలుదే నెగ్గాలంటే ఆ సంగతి విడిగా రాయాలి. ఏది మంచిదో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. చేత్తో పెట్టినవాడికి ఏదో కారణం ఉండే ఉంటుంది, నిజమే. కానీ ఆ కారణం పొద్దున్నదా, ఎనిమిది నెలల కిందటిదా అన్నది యంత్రానికి తెలీదు కదా.

ఈ గొడవ మధ్యలో ఒకరోజు పోర్టు హెచ్చరికల పట్టిక మళ్ళీ చదివాను. కాకినాడ పోలిక నేను పెట్టిందే కాబట్టి సరిగ్గా ఉందో లేదో చూద్దామని. ఒకటి, రెండు నంబర్లు ఎక్కడో దూరంగా సముద్రంలో ఉన్న వాయుగుండం గురించి. మూడు, నాలుగు మన పోర్టుకే గాలి ముప్పు ఉందని. అలా పెరుగుతూ పదో నంబరు అంటే మహా ప్రమాదం. హుద్‌హుద్ ఇక్కడ తీరం దాటిన 2014 అక్టోబరు 12 చూసినవాళ్ళకి దాని గురించి నేను చెప్పక్కర్లేదు. అదే ఆఖరనుకునేదాన్ని. కాదు, పదకొండో నంబరు ఉంది. దాని అర్థం, తుపాను ఇంకా పెద్దదని కాదు. తుపాను హెచ్చరికల కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, ఇక్కడి అధికారికి వాతావరణం చెడుతుందనిపిస్తోంది అని.

అంటే కబురు రాకపోతే నిన్నటి నంబరే ఉంచేయరు. పక్క పోర్టు నంబరు తెచ్చుకోరు. ఏమీ తెలియడం లేదన్నదాన్నే ఒక నంబరుగా, అదీ అన్నిటికన్నా పైన పెట్టారు. దాన్ని మా ఆఫీసు గోడ మీద తెల్లబోర్డుకి ఒక మూల రాశాను. "ఫైలు లేదు = 11." చూసినవాళ్ళు ఇదేదో క్రికెట్ జట్టు లెక్క అనుకున్నారు.

డ్రైవరుగారి మాట కూడా పెట్టాం. పరీక్ష మెసేజ్ ఏదైనా ఇప్పుడు 'పరీక్ష' అన్న మాటతోనే మొదలవుతుంది, ఎవరి ఫోన్‌కి వెళ్ళినా. పరీక్ష డేటాబేస్‌లో పాత మూడు నంబర్లు తీసేసి నాదొక్కటే ఉంచాను. దానివల్ల ఏ అర్ధరాత్రి ఎవరు కమాండ్ కొట్టినా నా ఫోన్ మోగుతుంది. మొదట్లో మా ఆయన విసుక్కున్నారు, ఇప్పుడు అలవాటైంది.

మొన్న ఆదివారం కూర్మన్నపాలెంలో భోజనాలయ్యాక ఫోన్ బల్ల మీద పెట్టి అమ్మతో మాట్లాడుతున్నాను. ఫోన్ మోగింది. నాన్న కళ్ళద్దాలు సర్దుకుని, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ పైకి చదివారు.

"పరీక్ష. మీ రాత్రి స్లాట్ రద్దయింది. కొత్త సమయం తర్వాత తెలుపబడును."

కాసేపు ఫోన్‌నీ నన్నూ మార్చి మార్చి చూశారు.

"చోటు రాశారు, బాగానే ఉంది" అన్నారు. "తేదీ ఏదమ్మా?"